కాలి గోరు రూపు ఎందుకు మారుతుంది? ‘ఫంగస్’ అనే ఒక్క మాటలో ఇమడని కథ

కాలి బొటనవేలి గోరు మందమెక్కి, పసుపుపచ్చగా మారి, అంచు పొడిపొడిగా రాలుతుంటే మన ఇళ్ళలో దాన్ని పిప్పిగోరు అంటారు. మందుల షాపులో చూపిస్తే ‘ఫంగస్’ అని ఒక ట్యూబు చేతిలో పెడతారు. నెల రోజులు రాసినా గోరు అలాగే ఉంటుంది. ట్యూబు మారుతుంది, గోరు మారదు. ఆర్నెల్ల తర్వాత చర్మవైద్యుల దగ్గరికి వెళ్తే మొదటి ప్రశ్న ఇలా ఎదురవుతుంది: ఇది ఫంగస్ అని ఏ పరీక్షలో తేలింది?

చర్మవైద్యంలో చాలాకాలంగా స్థిరపడిన అంచనా ఒకటుంది. పాడైన గోళ్ళన్నిటిలో ఫంగస్ వల్ల పాడైనవి సుమారు సగం. మిగతా సగం వెనక చెప్పులు, పాత దెబ్బలు, సోరియాసిస్ అనే చర్మవ్యాధి, రక్తహీనత, రక్తప్రసరణ లోపం, వయసు, పుట్టుక, చాలా అరుదుగా క్యాన్సర్ కూడా ఉంటాయి. చిక్కు ఎక్కడంటే, వీటిలో చాలావరకు గోటి మీద వదిలే ఆనవాళ్ళు దాదాపు ఒకేలా ఉంటాయి: మందం, రంగు మారడం, పైకి లేవడం, వంకర. అలా ఎందుకుంటాయో అర్థం కావాలంటే గోరు ఎక్కడ పుడుతుందో, ఎంత నెమ్మదిగా కదులుతుందో ముందు చూడాలి.

గోరు పుట్టేది చర్మపు మడత కింద

మనం కత్తిరించే గోరు ప్రాణం లేని పదార్థం. వెంట్రుకల్లో ఉండే కెరాటిన్ అనే ప్రోటీనే ఇందులోనూ ఉంటుంది, పొరమీద పొరగా బిగిసిపోయి. అది తయారయ్యే చోటు గోటి మొదట్లో చర్మపు మడత కింద దాగి ఉంటుంది. వైద్యులు మ్యాట్రిక్స్ అనే ఆ భాగాన్ని ఈ వ్యాసంలో గోటికుదురు అందాం. బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా కనిపించే నెలవంక ఈ కుదురు చివరి అంచే. కుదురులో కొత్త కణాలు పుడుతూ, గట్టిపడుతూ, పాతవాటిని ముందుకు నెడుతుంటాయి. గోటి అడుగున ఉన్న మెత్తని చర్మానికి అంటిపెట్టుకుని గోరు వేలి కొసదాకా జారుతుంది.

దీన్ని మగ్గంతో పోల్చుకోవచ్చు. నేసే దగ్గర పోగు తెగితే ఆ లోపం బట్టతో పాటే ముందుకు వస్తుంది. నేత బాగానే ఉండి, బయటికొచ్చిన బట్ట నానినా చిరిగినా అది వేరే సంగతి. గోటి జబ్బులూ ఇలాగే రెండు దారుల్లో వస్తాయి. కుదురు దెబ్బతింటే గోరు పుట్టడమే గుంటలతో, గీతలతో, పలచగానో వంకరగానో పుడుతుంది. కింది చర్మం దెబ్బతింటే బాగా పుట్టిన గోరే తర్వాత పైకి లేస్తుంది, అడుగున పొట్టు పేరుకుని మందంగా కనిపిస్తుంది. కుదురులోనూ మళ్ళీ పని పంపకం ఉంది: వెనక భాగం గోటి పైపొరను, ముందు భాగం అడుగుపొరను తయారుచేస్తాయి. గోటి పైన సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపిస్తే గొడవ కుదురు వెనక భాగంలో ఉందని వైద్యులు చూడగానే చెప్పగలిగేది ఇందువల్లే.

అంటే గోటి రూపు మొదట చెప్పేది దెబ్బ ఎక్కడ తగిలిందన్న సంగతి. ఆ దెబ్బ కొట్టింది ఫంగసా, బూటా, సోరియాసిసా అన్నది రూపం ఒక్కటే చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు. ఈ వ్యాసంలో పట్టుకోవలసిన అసలు సంగతి ఇదే. మిగిలినవన్నీ దీని నుంచే వస్తాయి.

ఇక వేగం. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో సగమో, ఇంకా తక్కువో: నెలకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు. చేతి గోరు పూర్తిగా కొత్తది కావడానికి ఆరు నెలలు పడితే, కాలి బొటనవేలి గోటికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. వయసుతో ఈ వేగం ఇంకా తగ్గుతుంది. అమెరికన్ వైద్యుడు విలియం బీన్ తన చేతి బొటనవేలి గోటి మొదట్లో గుర్తు పెట్టుకుంటూ, అది కొసకు చేరడానికి పట్టే కాలాన్ని 35 ఏళ్ళ పాటు నమోదు చేశారు. ఆయనకు 32 ఏళ్ళప్పుడు రోజుకు 0.123 మిల్లీమీటర్లు పెరిగిన గోరు 67 ఏళ్ళ వయసులో 0.095 మిల్లీమీటర్లే పెరిగింది. దాదాపు పావు వంతు తగ్గిందన్నమాట. వయసు పైబడినవాళ్ళ కాలి గోళ్ళు మందంగా, మొండిగా తయారవడానికి ఈ నెమ్మది ఒక కారణం. వాటి వెనక ఏ జబ్బూ ఉండనక్కరలేదు.

అడ్డగీత చెప్పే తేదీ

గోరు ఒకే వేగంతో కదులుతుంది కాబట్టి దాని మీది గుర్తు నుంచి తేదీ లెక్కకట్టవచ్చు. తీవ్రమైన జ్వరం, పెద్ద ఆపరేషన్, కీమోథెరపీ వంటివి వచ్చినప్పుడు శరీరం కుదురు పనిని కొన్నాళ్ళు మందగింపజేస్తుంది. ఆ రోజుల్లో పుట్టిన గోరు పలచగా ఉండి అడ్డంగా ఒక పల్లం ఏర్పడుతుంది. ఫ్రెంచి వైద్యుడు జోసెఫ్ బో 1846లో వర్ణించిన ఈ గీతలకు ఆయన పేరే ఉంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. జనవరిలో ఒకామె చేతి బొటనవేలి గోటి మీద, మొదలు నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో అడ్డగీత ఉంది. కాలి బొటనవేలి గోటి మీద 6 మిల్లీమీటర్ల దూరంలో ఇంకో గీత. చూడటానికి ఇవి వేర్వేరు సంఘటనల్లా ఉంటాయి. లెక్క వేస్తే 12ను 3తో భాగిస్తే 4, 6ను 1.5తో భాగిస్తే కూడా 4. రెండూ నాలుగు నెలల కిందటి సెప్టెంబరునే చూపిస్తున్నాయి. ఆ నెలలో ఆమె డెంగీతో ఆస్పత్రిలో ఉంది. మడత కింద దాగిన భాగం వల్ల లెక్క కొన్ని వారాలు అటూఇటూ అవుతుంది గానీ దారి మాత్రం తప్పదు.

ఇదే లెక్కలో ఇంకో ఉపయోగం ఉంది. గీత అన్ని వేళ్ళ మీదా ఉంటే కారణం ఒంట్లో ఉంది. ఒక్క వేలి మీదే ఉంటే కారణం ఆ వేలి దగ్గరే ఉంది. చిన్నపిల్లల్లో చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులు వచ్చే వైరస్ జ్వరం తగ్గాక నెలకో రెండు నెలలకో కొన్ని గోళ్ళు మొదటి నుంచి ఊడి రావడం చూసి తల్లిదండ్రులు హడలిపోతారు. అదీ ఇలాంటిదే. కుదురు కాసేపు పూర్తిగా ఆగి మళ్ళీ మొదలైంది; ఊడే గోటి కింద కొత్త గోరు అప్పటికే బయల్దేరి ఉంటుంది.

ఫంగస్: నిజమైన సగం

గోటి ఫంగస్ చాలా మందికి ఉన్న జబ్బే. వయోజనుల్లో సుమారు పది శాతం మందికి, డెబ్బై దాటినవారిలో సగం మంది దాకా ఉంటుందని అంచనా. ఎక్కువగా కనిపించేది ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే శిలీంధ్రం. ఇది కెరాటిన్‌నే తిని బతుకుతుంది. మామూలుగా ముందు కాలివేళ్ళ సందుల్లో చేరుతుంది. అక్కడ చర్మం తెల్లగా నాని, దురదపెట్టి, పొట్టు లేస్తుంది. నెలలో ఏళ్ళో గడిచాక గోటి కొస నుంచో పక్క నుంచో గోటి కిందికి పాకుతుంది. రోజంతా మూసిన బూట్లలో చెమటకు నానే కాళ్ళు, నీళ్ళలో బురదలో గంటలకొద్దీ ఉండే కాళ్ళు, మధుమేహం, రక్తప్రసరణ తగ్గడం, ఇంట్లో ఇంకొకరికి ఉండటం దీనికి దారి తీస్తాయి. కొసన మొదలవడానికి బదులు గోటి మొదట్లో, మడత దగ్గర తెల్లగా మొదలయ్యే అరుదైన రకం ఒకటుంది. అది రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళలో కనిపిస్తుంది కాబట్టి వైద్యులు దాన్ని ప్రత్యేకంగా పట్టించుకుంటారు.

తేల్చుకోవడానికి మూడు పరీక్షలు వాడుకలో ఉన్నాయి. గోటి అడుగున గీకిన పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి సూక్ష్మదర్శినిలో చూడటం తేలికైంది, చవకైంది. ఫంగస్ పోగులు ఉన్నాయో లేదో చెబుతుంది, ఏ ఫంగసో చెప్పదు. నమూనాను ల్యాబులో పెంచి చూసే కల్చర్‌లో అది ఏ ఫంగసో తెలుస్తుంది గానీ నాలుగు వారాల దాకా ఆగాలి. కత్తిరించిన గోటి ముక్కకు ప్రత్యేకమైన రంగు వేసి చూసేది మూడోది. ఉన్న ఫంగస్‌ను పట్టుకోవడంలో ఇదే మెరుగు. మూడింటిలోనూ పొరపాట్లకు తావుంది. అప్పటికే ఫంగస్ మందు రాస్తున్నా, గోటి కొసన పనికిరాని భాగం నుంచి నమూనా తీసినా ఉన్న ఫంగస్ దొరకదు. దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది: దెబ్బ తగిలి పైకి లేచిన గోటి సందులో గాలిలోని బూజు వచ్చి చేరుతుంది, కల్చర్‌లో అది పెరుగుతుంది, అసలు కారణం మాత్రం దెబ్బ.

మందుల విషయంలో జనాన్ని తికమక పెట్టేది ‘తగ్గింది’ అనే మాట. కాలి గోటి ఫంగస్‌కు ఎక్కువగా వాడే టెర్బినాఫిన్ మాత్రను రోజుకు 250 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇస్తారు. అమెరికాలో మందుతో పాటు అచ్చయ్యే సమాచారం ప్రకారం, పరీక్షల్లో ఫంగస్ లేకుండా పోయినవాళ్ళు 70 శాతం. ఫంగస్ పోయి, గోరు కూడా పూర్తిగా మామూలుగా వచ్చినవాళ్ళు 38 శాతమే. మందు ఒక్కటే, ప్రయోగాలూ అవే. ఒక డాక్టరు ‘పదిమందిలో ఏడుగురికి తగ్గుతుంది’ అన్నా, ఇంకొకరు ‘నలుగురికి కూడా పూర్తిగా పోదు’ అన్నా ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఫంగస్ చచ్చినా గోరు వంకరగానే ఉండిపోయిందంటే ఆ వంకరకు ఇంకో కారణం కూడా తోడై ఉండవచ్చు. పైపూతల్లో ఎఫినకొనజోల్ వంటి కొత్త మందును ఏడాది దాకా రోజూ రాస్తే పూర్తిగా బాగయ్యేవాళ్ళు 15 నుంచి 18 శాతం. నెల రోజులు ట్యూబు రాసి ‘పనిచేయలేదు’ అనుకున్నవాళ్ళకు నిజానికి పని చేసిందో లేదో తెలిసే అవకాశమే రాలేదు. నెలలో గోరు కదిలేది మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే.

పరీక్ష ముందా, మాత్ర ముందా?

ఇక్కడ వైద్యుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఫంగస్ ఉందని నిర్ధారించకుండా నోటి మాత్రలు రాయవద్దని అమెరికన్ చర్మవైద్యుల అకాడమీ 2013లో చెప్పింది. వాదన సూటిగా ఉంది: సగం మందికి లేని జబ్బుకు మూడు నెలల మాత్రలు ఎందుకు? టెర్బినాఫిన్ అరుదుగానైనా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇంకో ఫంగస్ మాత్ర ఇట్రాకొనజోల్ గుండె వైఫల్యం ఉన్నవాళ్ళకు పనికిరాదు, చాలా మందులతో పొసగదు.

దీనికి ఎదురుగా 2016లో అమెరికా పరిశోధకుల బృందం ఒకటి ఖర్చుల లెక్క వేసింది. టెర్బినాఫిన్ ఇప్పుడు చవక, కాలేయానికి తీవ్రమైన హాని చాలా అరుదు. అలాంటప్పుడు అనుభవమున్న డాక్టరు చూసి ఫంగస్ అనుకున్నాక ఖరీదైన పరీక్షలు చేయించడం కన్నా నేరుగా మాత్ర ఇవ్వడమే ఖర్చు రీత్యా మేలని తేల్చింది. ఎఫినకొనజోల్ పూత వంటి ఖరీదైన మందు రాయాలంటే మాత్రం పరీక్ష ముందు చేయడమే లాభమని అదే లెక్క చెప్పింది. పరీక్ష అందుబాటులో లేని ఊళ్ళో పనిచేసే డాక్టరుకు ఈ వాదనలో బలం కనిపిస్తే తప్పు పట్టలేం.

మూడో అభిప్రాయం కూడా వినదగ్గదే. నొప్పి లేక, మధుమేహం లేక, చూడటానికి బాగోకపోవడం తప్ప ఇబ్బంది లేని పెద్దవయసు గోటికి అసలు వైద్యమే అక్కర్లేదని కొందరంటారు. తగ్గినా చాలామందికి తిరగబెడుతుంది కూడా.

మన దేశంలో ఈ తూకాన్ని మార్చే విషయం ఒకటుందని నా అభిప్రాయం. గత పదేళ్ళ పైచిలుకుగా ఇక్కడ మొండి తామర విపరీతంగా పెరిగింది. దానికి కారణమైన శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. దాని రకాల్లో చాలావాటికి టెర్బినాఫిన్ పనిచేయడం లేదు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలగలిపిన ట్యూబులను చీటీ లేకుండా కొని రాసుకోవడం దీనికి ఎరువు వేసిందని చర్మవైద్యులు గట్టిగా చెబుతున్నారు. చర్మానికి రాసే స్టెరాయిడ్లను చీటీ మీదే అమ్మాలని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఈ ఫంగస్ ఎక్కువగా పట్టేది చర్మాన్నే, గోళ్ళను తక్కువ. అయినా మందు పనిచేయకుండా పోతున్న చోట, చవకైన గీకుడు పరీక్ష కూడా లేకుండా మూడు నెలల మాత్రలు వాడటం నాకు సబబుగా తోచదు.

చెప్పులు, బూట్లు, ఎదురుదెబ్బలు

ఫంగస్ కాని సగంలో పెద్ద వాటా దీనిదే. ఒక్కసారి గట్టిగా తగిలిన దెబ్బ అందరికీ గుర్తుంటుంది: రాయికి ఎదురుదెబ్బ తగిలి గోటి కింద రక్తం గడ్డకట్టి నల్లబడటం, బండ కాలి మీద పడటం. గుర్తుండనిది అడుగడుగునా తగిలే చిన్న ఒత్తిడి. ముందు భాగం ఇరుకైన బూటులో నడిచే మనిషి బొటనవేలి గోరు రోజుకు కొన్నివేల సార్లు బూటుకు రాసుకుంటుంది. పరుగు, ఫుట్‌బాల్, దిగుడు నడక ఉంటే ఆ తాకిడి ఇంకా గట్టిది. కింది చర్మం తట్టుకోవడానికి మందమెక్కుతుంది, గోరు కొసన పైకి లేస్తుంది, పసుపుపచ్చగా మారుతుంది. ఫోటో తీసి చూపిస్తే ఫంగస్‌కూ దీనికీ తేడా చెప్పడం కష్టం.

కొన్ని ఆధారాలు మాత్రం ఉంటాయి. ఒత్తిడి వల్ల వచ్చేది సాధారణంగా బూటుకు తగిలే వేళ్ళకే వస్తుంది: బొటనవేలు, చిటికెనవేలు, బొటనవేలి కన్నా పొడవుంటే రెండో వేలు. రెండు కాళ్ళలో నడక భారం ఎటు ఎక్కువ పడితే అటు ఎక్కువ. చుట్టుపక్కల చర్మంలో, వేళ్ళ సందుల్లో పొట్టు ఉండదు. దెబ్బ కుదురుదాకా వెళ్ళి అక్కడ మచ్చ కడితే, ఆ చోటి నుంచి వచ్చే గోరు ఎప్పటికీ చీలికతోనో గాడితోనో వస్తూనే ఉంటుంది.

గోరు పక్క కండలోకి దిగడం యువకుల్లో ఎక్కువగా చూస్తాం. గోటి మూలలను లోతుగా గుండ్రంగా కత్తిరించినప్పుడు లోపల చిన్న ముల్లు లాంటి అంచు మిగులుతుంది. గోరు ముందుకు వస్తున్నకొద్దీ అది కండను గుచ్చుతుంది. వాపు, చీము, దాని మీద మళ్ళీ బూటు ఒత్తిడి; గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఈ బాధ ఎరిగినవాళ్ళు కట్టిందే అయ్యుండాలి. దీనికి గోటి మధ్యలో వి ఆకారంలో నొక్కు కోస్తే పక్కలు దగ్గరికి లాగబడి గుచ్చడం తగ్గుతుందనే నమ్మకం చాలా చోట్ల ఉంది. గోరు పెరిగేది కొస నుంచి కాదు, కుదురు నుంచి. కొసన కోసిన నొక్కు సంగతి కుదురుకు తెలియదు, పక్కలను లాగే శక్తి ఆ నొక్కుకు లేదు. గోరంతా పీకించుకున్నా మళ్ళీ అదే వెడల్పుతో తిరిగి వచ్చేదీ అందువల్లే. గుచ్చుతున్న పక్క చీలికను మాత్రం తీసి, ఆ చీలికను పుట్టించే కుదురు భాగాన్ని ఫినాల్ అనే రసాయనంతో కాల్చేస్తే తిరగబెట్టడం బాగా తగ్గుతుందని వైద్యులు చెప్పడంలోని తర్కం ఇది.

గోరు రెండు పక్కలా లోపలికి ముడుచుకుని గొట్టంలా తయారవడం ఇంకో రకం. దీని గురించి జపాన్ వైద్యులు ముందుకు తెచ్చిన వివరణ నాకు ఎంతో ఆసక్తికరంగా అనిపించింది. గోటికి సహజంగానే ముడుచుకునే గుణం ఉందని, నడిచేటప్పుడు నేల వేలిని కింది నుంచి పైకి తోసే బలం దాన్ని చదునుగా ఉంచుతుందని వాళ్ళంటారు. ఏళ్ళ తరబడి మంచాన ఉన్నవాళ్ళ కాలి గోళ్ళు ముడుచుకుపోవడం ఈ వాదానికి బలమిస్తుంది. ఇరుకు బూట్లు, వంశపారంపర్యం, సోరియాసిస్ కూడా ఈ ఆకారానికి కారణాలే.

వయసు మళ్ళినవాళ్ళలో, వంగి గోళ్ళు తీసుకోలేనివాళ్ళలో బొటనవేలి గోరు పొట్టేలు కొమ్ములా మందంగా మెలితిరుగుతుంది. పాత దెబ్బ, తగ్గిన రక్తప్రసరణ, ఏళ్ళుగా కత్తిరించకపోవడం కలిసి వచ్చిన ఫలితం అది. యువకుల్లో ఒక్క బొటనవేలి గోరే ఒక పక్క పైకి లేచి, కింద గట్టిగా తగులుతుంటే ఎముక నుంచి పెరిగిన చిన్న బొడిపె కావచ్చు, ఎక్స్‌రేలో తెలిసిపోతుంది.

ఫంగస్ వేషంలో సోరియాసిస్

సోరియాసిస్ ఉన్నవాళ్ళలో ఏ సమయంలో చూసినా దాదాపు సగం మందికి గోళ్ళలోనూ ఆ లక్షణాలుంటాయి. కీళ్ళవాపు కూడా ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. చేతి గోళ్ళ మీద గుంటలు, గోటి కింద నూనె చుక్క పడ్డట్టు గోధుమరంగు మచ్చలు తేలిగ్గా గుర్తుపట్టేవి. కాలి గోళ్ళలో ఆ గుంటలు అంతగా కనిపించవు. మందం, పైకి లేవడం, అడుగున పొట్టు మాత్రమే కనిపించి అచ్చం ఫంగస్‌లా ఉంటుంది. పైగా సోరియాసిస్ గోటికి ఫంగస్ కూడా పట్టవచ్చు. అందుకే కాలి గోరు చూపించడానికి వెళ్తే డాక్టరు చేతి గోళ్ళు, మోచేతులు, తల చర్మం కూడా చూస్తారు. వేళ్ళు తెల్లవారుజామున బిగుసుకుంటున్నాయా అని అడుగుతారు. లైకెన్ ప్లానస్ అనే ఇంకో చర్మవ్యాధి కుదురునే పాడుచేస్తుంది. గోరు పలచబడి, నిలువుగా చీలి, ఆలస్యమైతే మడత చర్మం గోటికి అతుక్కుపోతుంది. ఇందులో కాలం విలువైనది, మచ్చ కట్టిన కుదురు మళ్ళీ కోలుకోదు.

ఒకేలాంటి మూడు గోళ్ళు

ముగ్గురిని ఊహించుకుందాం. ముగ్గురికీ కుడి కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా, మందంగా, కొసన పైకి లేచి ఉంది.

మొదటి మనిషికి 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో మారథాన్‌కు పరుగు సాధన చేస్తున్నాడు. రెండో వేలి గోరు కూడా నల్లబడింది. వేళ్ళ సందులు శుభ్రంగా ఉన్నాయి. గీకుడు పరీక్షలో ఏమీ లేదు. వేలికీ బూటుకీ మధ్య ఖాళీ లేదు. ఇక్కడ మాత్రలు ఎన్ని నెలలు మింగినా బూటు మారందే గోరు మారదు.

రెండో మనిషి 45 ఏళ్ళ ఉపాధ్యాయురాలు. చేతి గోళ్ళలో నాలుగింటి మీద చిన్న గుంటలున్నాయి, తల్లో చుండ్రు అనుకుంటున్న మందపాటి పొట్టు ఉంది. గోటి ముక్క పరీక్షలో ఫంగస్ లేదు. ఈమె గోటికి దారి సోరియాసిస్ వైద్యం.

మూడో మనిషి 66 ఏళ్ళ వరి రైతు, మధుమేహం ఉంది. నాలుగో, ఐదో వేళ్ళ సందు తెల్లగా నాని ఉంది, అరికాలి అంచుల్లో పొట్టు లేస్తోంది, పరీక్షలో ఫంగస్ పోగులు కనిపించాయి. ముగ్గురిలో ‘ఫంగస్’ అన్న మందుల షాపు నిర్ధారణ సరిపోయింది ఈయన ఒక్కరికే. గోటికి వైద్యం తప్పనిసరి అయిందీ ఈయనకే: మందమెక్కిన గోరు బూటులో కింది చర్మాన్ని నొక్కుతుంది, మధుమేహంతో మొద్దుబారిన పాదానికి ఆ నొప్పి తెలియదు, పుండు పడ్డాక గానీ బయటపడదు. సందుల్లో చీలిన చర్మం సూక్ష్మక్రిములకు తలుపు తెరిచినట్టే.

చెంచా గోళ్ళు, తెల్లచుక్కలు

గోరు మధ్యలో పల్లమై, అంచులు పైకి లేచి, నీటిబొట్టు పెడితే నిలిచేలా తయారైతే మొదట గుర్తొచ్చేది ఇనుము లోపం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంత మందికి ఉన్నప్పుడు ఈ గుర్తును తేలిగ్గా తీసుకోలేం. ఒక రక్తపరీక్షతో తేలే విషయం. అయితే పసిపిల్లల కాలి గోళ్ళు పలచగా చెంచాలా ఉండటం మామూలే, పెరిగేకొద్దీ సర్దుకుంటాయి. ఉత్తకాళ్ళతో నేలను బలంగా తన్నుతూ పనిచేసేవాళ్ళకు ఆ ఒత్తిడి వల్ల కూడా బొటనవేళ్ళు ఇలా అవుతాయి.

గోళ్ళ మీది తెల్లచుక్కలు కాల్షియం తక్కువైందనడానికి గుర్తని చాలామంది నమ్ముతారు. గోరు గట్టిదనం కెరాటిన్ వల్ల వస్తుంది, కాల్షియం వల్ల కాదు. ఆ చుక్కలు ఎక్కువగా కుదురుకు తగిలిన చిన్న చిన్న దెబ్బల గుర్తులు. గోటితో పాటు ముందుకు జరిగి కత్తిరింపులో పోతాయి.

పుట్టుకతో వచ్చినవి వేరు. కొందరు పిల్లలకు బొటనవేలి గోరు బయటివైపుకు ఒరిగి పుడుతుంది. చాలామందిలో పెరిగేకొద్దీ దానంతటదే సరవుతుంది. చిటికెనవేలి గోరు పక్కన ఇంకో చిన్న గోటి చీలిక ఉండటం కుటుంబాల్లో నడిచే పోలిక, జబ్బు కాదు.

నల్లబడిన గోరు విషయంలో

రూపు మారిన గోళ్ళలో నిజంగా ప్రమాదకరమైనవి బహు తక్కువ. ఆ తక్కువలోనే ఆలస్యం వల్ల ప్రాణం పోయే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉంది. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద దీన్ని కనుగొన్నారు. అంతకుముందు అది ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981 మే 11న, 36 ఏళ్ళకే ఆయన చనిపోయారు.

మనలాంటి చామనఛాయ, నల్లని ఒంటిరంగు ఉన్నవాళ్ళ గోళ్ళ మీద నిలువుగా సన్నని గోధుమరంగు గీతలు ఉండటం సాధారణం. ఎక్కువగా పలు వేళ్ళ మీద, ఏళ్ళ తరబడి మార్పు లేకుండా ఉంటాయి. వైద్యులను కంగారుపెట్టేది ఒక్క వేలి మీదే కొత్తగా వచ్చిన గీత, నెలనెలా వెడల్పయ్యే గీత, గోటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకిన నలుపు, గోటిని చీల్చుకు వచ్చే పుండు. ఇక్కడా పెరుగుదల లెక్కే దారి చూపుతుంది. దెబ్బ వల్ల గడ్డకట్టిన రక్తపు మచ్చ గోటితో పాటు ముందుకు కదులుతుంది. ఇవాళ మచ్చ వెనక అంచు దగ్గర గోటి మీద సన్నని గాటు పెట్టి రెండు నెలల తర్వాత చూస్తే, ఆ గాటూ మచ్చా కలిసి 2 నుంచి 3 మిల్లీమీటర్లు ముందుకు వెళ్ళి, వెనక శుభ్రమైన గోరు కనిపించాలి. గాటు ముందుకు వెళ్ళి నలుపు మాత్రం మడత దగ్గరే మిగిలిందంటే దాన్ని పుట్టిస్తున్నది కుదురే. అప్పుడు చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ తప్ప వేరే జవాబు లేదు. పైన చెప్పిన కంగారు గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ రెండు నెలలు కూడా ఆగరు.